గాలికి కొలత

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల గదిలో నేల నుంచి మీటరు ఎత్తు వరకు నిండి ఉండే గాలి అది. పెట్రోలు బంకులో వాహన యజమాని లీటర్ల లెక్కను రెప్ప వేయకుండా చూస్తాడు. గాలికి ఎవరూ వెల కట్టరు కనుక దాని లెక్క ఎవరికీ పట్టదు. ఇంజనుకు మాత్రం ఆ లెక్కే ప్రధానం. బరువును బట్టి చూస్తే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి తోడైనప్పుడు రెండూ మిగలకుండా మండుతాయి. గాలి తక్కువైతే పెట్రోలు సగం కాలి నల్లని పొగగా బయటికి పోతుంది. గాలి ఎక్కువైతే ఇంజను బలహీనపడుతుంది. భారం మీద ఉన్నప్పుడైతే లోపలి భాగాలు వేడెక్కి చెడిపోయే ప్రమాదం కూడా ఉంది.

వేగానికి పేరుపొందిన కార్లను కొన్నవారిలో చాలామంది మొదట మార్చేది ఈ గాలి దారినే. దీనిని ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. అమెరికాలో ఈ అలవాటు మరీ ఎక్కువ. అక్కడ ఇంటి ముందరి గ్యారేజీలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, నాలుగు స్పానర్లతో పూర్తయ్యే పనిగా దీనికి పేరుంది. బిగించడం నిజంగా అంత తేలికే. అయితే మారుస్తున్నది గాలి వెళ్లే గొట్టాన్ని మాత్రమే కాదని, గాలిని కొలిచే పరికరాన్ని కూడానని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఉదాహరణకు సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ కారును తీసుకోవచ్చు. ఇది 2002 మోడలుగా 2001లో అమెరికా విపణిలో ప్రవేశించింది. దానిది రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను. శక్తి 227 హార్స్‌పవర్. బానెట్ ముందు అంచు దగ్గర గాలి లోపలికి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ప్లాస్టిక్ పెట్టెలోని ఫిల్టరు గుండా వడకట్టబడి, కొలత సెన్సరును దాటి, రబ్బరు గొట్టం ద్వారా టర్బోచార్జరుకు చేరుతుంది. టర్బో దానిని ఒత్తి పంపగా, ఇంటర్‌కూలరులో చల్లబడి ఇంజనులోకి పోతుంది. దారిలో ఒక పక్కగా, మడ్‌గార్డు లోపల, ఒక ఖాళీ డబ్బా వంటి నిర్మాణం ఉంటుంది. అది గాలిని పెంచదు, తగ్గించదు. గాలి చేసే చప్పుడును మింగుతుంది. కొత్త గొట్టం బిగించగానే కారు బలం పెరిగిందని యజమాని అనుకోవడానికి సగం కారణం ఈ డబ్బా తొలగిపోవడమే. ఇంజను గాలిని పీల్చే ధ్వని, టర్బో ఈల అప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి. బలం పెరిగిందో లేదో చెవి చెప్పలేదు, డైనమోమీటరు చెప్పాలి.

ఈ దారిలోని కొలత పరికరం పేరు మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్. మెకానిక్కులు క్లుప్తంగా మాఫ్ సెన్సర్ అంటారు. దాని లోపల వేడిగా ఉంచబడిన సన్నని తీగ గాని, పలుచని పొర గాని ఉంటుంది. వేడి పాలగ్లాసును ఫ్యాను కింద పెడితే త్వరగా చల్లారుతుంది; గాలి ఎంత ఉద్ధృతంగా వీస్తే అంత త్వరగా చల్లారుతుంది. అదే విధంగా గొట్టంలో వచ్చే గాలి ఆ తీగను చల్లబరుస్తుంది. తీగ వేడి తగ్గకుండా నిలపడానికి ఎంత విద్యుత్తు ఖర్చయిందో చూస్తే, ఎంత బరువు గల గాలి దాటిందో తెలుస్తుంది. గాలిలో ఉంచిన వేడి తీగ చల్లారే తీరును ఎల్.వి. కింగ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1914లోనే సూత్రబద్ధం చేశాడు. సుమారు ఏడు దశాబ్దాల తరువాత, 1980ల తొలి సంవత్సరాలలో, ఆ సూత్రం కార్ల బానెట్ కిందికి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. సెన్సరు గొట్టంలోని గాలినంతటినీ కొలవదు. గొట్టం మధ్యలో, తన నోటికి తగిలిన కొద్దిపాటి గాలిని మాత్రమే కొలుస్తుంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూసినట్లు, ఆ కొద్ది గాలిని బట్టి మొత్తం గాలిని ఇంజను కంప్యూటరు లెక్క కడుతుంది. ఏ సంకేతానికి ఎంత గాలి అన్న పట్టికను తయారీదారు ముందుగానే దానిలో రాసి ఉంచుతాడు. ఆ పట్టిక ఒకే ఒక గొట్టానికి సరిపోతుంది. ఏ వ్యాసం గల గొట్టంలో సెన్సరును నిలిపి పట్టిక తయారు చేశారో, ఆ వ్యాసానికే అది నిజం చెబుతుంది.

లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు ఉన్న పాత గొట్టానికి బదులు 70 మిల్లీమీటర్ల కొత్త గొట్టం బిగించారని అనుకుందాం. తేడా అయిదు మిల్లీమీటర్లే కనుక కంటికి ఆనదు. కాని వైశాల్యం వ్యాసం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70ని 65తో భాగించి వర్గం చేస్తే 1.16 వస్తుంది. అనగా దారి 16 శాతం వెడల్పయింది. ఇంజను పీల్చే గాలి అంతే ఉన్నప్పుడు, వెడల్పయిన దారిలో ఆ గాలి నెమ్మదిగా సాగుతుంది. సెన్సరు ముందు నుంచి మునుపటి కంటే సుమారు 14 శాతం తక్కువ గాలి పోతుంది. కంప్యూటరుకు గొట్టం మారిన సంగతి తెలియదు. గాలి తగ్గిందని నమ్మి, పెట్రోలును కూడా ఆ మేరకు తగ్గిస్తుంది. ఎక్కువ గాలి కోసం బిగించిన గొట్టం ఇంజనుకు గాలి తగ్గిందని చెబుతుందన్న మాట.

ఇంత పొరపాటు జరిగినా కారు వెంటనే మొరాయించదు. మామూలు వేగంలో పోతున్నప్పుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు మండిన వాయువును పరీక్షిస్తూ ఉంటుంది. గాలి ఎక్కువైందని అది చెబితే కంప్యూటరు పెట్రోలును కొంచెం కొంచెంగా పెంచి తప్పును దిద్దుకుంటుంది. ఈ దిద్దుబాటును ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. పైన చెప్పిన సందర్భంలో అది 16 శాతం అధికంగా స్థిరపడుతుంది. కారు హాయిగా నడుస్తుంది. డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం కూడా చాలాసార్లు వెలగదు.

అసలు అపాయం యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడు ఎదురవుతుంది. ఆ క్షణాన ఇటువంటి పాత కార్ల కంప్యూటరు ఆక్సిజన్ సెన్సరు మాట వినడం మానివేసి, మాఫ్ సెన్సరు చెప్పిన దానినే ప్రమాణంగా తీసుకుంటుంది. టర్బో ఇంజను పూర్తి భారం మోస్తున్నప్పుడు లోపలి వేడిని అదుపులో ఉంచడానికి కావాలనే పెట్రోలు ఎక్కువగా పోస్తారు. ఒక పాలు పెట్రోలుకు 11.5 పాళ్ల గాలి ఉండవలసిన చోట, కొలత తప్పడం వల్ల, 13.3 పాళ్లకు చేరుతుంది. అంతటితో ఆగదు. గాలి తక్కువగా ఉందని నమ్మిన కంప్యూటరు ఇంజను మీద భారం కూడా తక్కువేననుకొని స్పార్కును ముందుకు జరుపుతుంది. పెట్రోలు తగ్గడం, స్పార్కు ముందే రావడం ఈ రెండూ కలిసి నాకింగ్‌కు దారితీస్తాయి. మంట క్రమంగా వ్యాపించడానికి బదులు సిలిండరులో మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలుతుంది. సుత్తితో కొట్టినట్లు పడే ఆ దెబ్బలకు పిస్టన్ రింగుల మధ్యనున్న సన్నని గట్లు విరిగిపోతాయి. నాక్ సెన్సరు ఆ దెబ్బలను పసిగట్టి స్పార్కును వెనక్కు లాగడానికి ప్రయత్నిస్తుంది కాని ప్రతిసారీ సకాలంలో ఆదుకోలేదు. కొన్ని వందల డాలర్ల గొట్టం కొన్ని వేల డాలర్ల ఇంజనును బలి తీసుకునే మార్గం ఇదే.

బిగించే పనిలో పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఇంజను చల్లారిన తరువాత బ్యాటరీ రుణ ధ్రువం తీగను విప్పాలి. మాఫ్ సెన్సరును పాత గొట్టానికి రెండు చిన్న స్క్రూలు పట్టి ఉంచుతాయి. ప్లాస్టిక్‌లోకి దిగిన ఆ స్క్రూలను బలంగా తిప్పితే మరలు అరిగిపోతాయి. సెన్సరులోని తీగను వేలితో తాకరాదు. గాలి ఏ దిశలో పోవాలో తెలిపే బాణం గుర్తు దాని మీద ఉంటుంది. తిరగేసి బిగించేవారు ఉన్నారంటే నమ్మశక్యం కాదు కాని ఉన్నారు. సెన్సరు కింది రబ్బరు రింగు మడత పడకుండా కూర్చోవాలి. పాత పెట్టెలో సెన్సరుకు ముందు గాలిని సరళంగా నడిపే జల్లెడ ఉంటే, దానిని తీసివేయడం వల్ల గాలి సుడులు తిరిగి కొలత క్షణక్షణం మారుతుంది. గొట్టం వంపు తిరిగిన వెంటనే సెన్సరు ఉన్నా అదే ఇబ్బంది కలుగుతుంది. సిలికాన్ తొడుగుల మీది క్లాంపులను తొడుగు కోసుకుపోయేంతగా బిగించకూడదు.

ఇంజను నిశ్చలంగా ఉండే వస్తువు కాదు. యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా తన రబ్బరు దిమ్మెల మీద ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంజనుకు, కారు శరీరానికి మధ్య బిగించిన గొట్టం ఆ కదలికను భరించాలి. అందుకు వీలు లేకుండా బిగించిన గొట్టం కొన్ని వారాలలో ఏదో ఒక చోట రాసుకుని చిల్లు పడుతుంది, లేదా తొడుగులోంచి జారిపోతుంది.

నూనె పట్టించిన నూలు ఫిల్టర్ల విషయంలో మరొక చిక్కు ఉంది. శుభ్రం చేసిన తరువాత నూనె ఎక్కువగా పూస్తే, గాలితో పాటు ఆ నూనె తుంపరలు వెళ్లి సెన్సరు తీగకు అంటుకుంటాయి. వాటి మీద దుమ్ము పేరుకుని, దుప్పటి కప్పినట్లు తీగ త్వరగా చల్లారదు. కొలత మళ్లీ తక్కువగా వస్తుంది. దీనికి మందు మాఫ్ సెన్సర్ల కోసమే తయారైన స్ప్రే. గుడ్డతో తుడవడం, బ్రేకుల కోసం తయారైన ద్రావకాన్ని చల్లడం సెన్సరును శాశ్వతంగా పాడుచేస్తాయి.

కొత్త గొట్టం బిగించిన పది రోజులకు హెచ్చరిక దీపం వెలిగిన కారు ఒకటి మరమ్మతుకు వచ్చిందని అనుకుందాం. 1996 నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఓబీడీ-2 అనే పరీక్షా వ్యవస్థ తప్పనిసరి. స్కానరు తగిలించి చూడగా పీ0171 అనే సంకేతం కనిపించింది. పెట్రోలు చాలడం లేదని, లేదా లెక్కలో లేని గాలి వస్తున్నదని దాని అర్థం. తొందరపాటు మెకానిక్కు అయితే సెన్సరు పోయిందని కొత్తది వేస్తాడు. నిదానం తెలిసినవాడు ట్రిమ్ అంకెలు చూస్తాడు. ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు దిద్దుబాటు 30 శాతం; నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతున్నప్పుడు 19 శాతం. వేగం పెరిగే కొద్దీ తప్పు తగ్గుతున్నది. ఇది చిల్లు లక్షణం. థ్రాటిల్ దాటిన తరువాత, శూన్యత ఉన్న చోట చిన్న రంధ్రం ఏర్పడితే, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అక్కడ చొరబడే గాలి మొత్తంలో పెద్ద వాటా. వేగం పెరిగాక అసలు గాలి ఎక్కువై దొంగ గాలి వాటా తగ్గుతుంది.

చిల్లును వెతకడానికి పొగ యంత్రం ఉత్తమ సాధనం. నూనె ఆవిరిని స్వల్ప ఒత్తిడితో గాలి దారిలోకి ఊదితే, ఎక్కడ సందు ఉంటే అక్కడ పొగ దారంలా పైకి లేస్తుంది. మండే స్వభావం గల స్ప్రేలను వేడి ఇంజను మీద చల్లి చిల్లు వెతికే పద్ధతి కొందరిలో ఉంది. అది నిప్పుతో చెలగాటం. పొగ ఈ కారులో ఒక సన్నని రబ్బరు గొట్టం చివర లేచింది. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన ఆ గొట్టాన్ని కొత్త ఇన్‌టేక్ బిగించేటప్పుడు పక్కకు నెట్టడంతో దాని చివర చీలిక వచ్చింది. కొత్త గొట్టం వేయడానికి పది నిమిషాలు చాలు. దీపం ఆరిపోతుంది.

చాలా మరమ్మతులు ఇక్కడే ముగుస్తాయి. ముగియకూడనిది కూడా ఇక్కడే. చిల్లు పూడ్చిన తరువాత మళ్లీ స్కానరు పెడితే దిద్దుబాటు సున్నాకు దగ్గరగా రావాలి. ఈ కారులో అది ఏ వేగంలో చూసినా 16 శాతం దగ్గరే నిలిచింది. వేగంతో మారని తప్పు చిల్లు వల్ల వచ్చింది కాదు; అది వ్యాసం మారినందువల్ల వచ్చిన తప్పు. చిల్లు పడకపోయి ఉంటే దీపం వెలిగేది కాదు, ఎవరూ స్కానరు పెట్టేవారు కాదు, ఆ యజమాని కొండ దారిలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిన రోజున గాని సంగతి బయటపడేది కాదు. ఆ రబ్బరు చీలిక ఒక విధంగా ఇంజనుకు మేలే చేసింది.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. సెన్సరు కూర్చునే భాగం పాత వ్యాసంతోనే ఉన్న ఇన్‌టేక్‌ను ఎంచుకోవడం మొదటిది. కంప్యూటరులోని పట్టికను కొత్త గొట్టానికి అనుగుణంగా తిరిగి రాయించడం రెండవది. పట్టికలోని ప్రతి అంకెనూ 1.16తో గుణిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. గాలి నడక ప్రతి వేగంలోనూ ఒకే తీరుగా ఉండదు. గాలి, పెట్రోలు నిష్పత్తిని విస్తృత పరిధిలో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సరును పొగగొట్టానికి అమర్చి, డైనమోమీటరు మీద కారును నడిపి, అంచెలంచెలుగా దిద్దుకుంటూ పోవాలి. ఇందుకయ్యే ఖర్చు ఒక్కొక్కసారి ఇన్‌టేక్ వెలను మించుతుంది. గొట్టం కొనేటప్పుడు ఈ ఖర్చును కలిపి లెక్క వేసుకునేవారు తక్కువ.

చిల్లు ఏ చోట ఉన్నదనే దానిని బట్టి లక్షణాలు తారుమారవుతాయి. సెన్సరుకు, టర్బోకు మధ్య గొట్టం చిరిగితే లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది, పెట్రోలు చాలదు. టర్బో తరువాత చిరిగితే, కొలిచిన గాలి ఒత్తిడికి బయటికి పోతుంది. ఇంజనుకు చేరని గాలికి కూడా పెట్రోలు పడుతుంది. అప్పుడు నల్లని పొగ వస్తుంది, బలం తగ్గుతుంది. సబ్బు నీళ్లు పూసి తక్కువ ఒత్తిడి గాలి ఎక్కిస్తే సైకిలు ట్యూబు పంక్చరులా బుడగలు లేస్తాయి.

ఇక ఫిల్టరును ఎక్కడ నిలపాలన్నది వేరొక చర్చ. పెట్టె లేకుండా బానెట్ కింద బహిరంగంగా నిలిపిన ఫిల్టరు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజను వేడి గాలినే పీలుస్తుంది. 20 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 12 శాతం తగ్గుతుంది. అంటే గొట్టం వెడల్పు చేసి సంపాదించినది వేడి వల్ల పోతుంది. అందుచేత కొందరు పొడవైన గొట్టంతో ఫిల్టరును మడ్‌గార్డు అడుగుకు, చల్లని గాలి తగిలే చోటికి దింపుతారు. అక్కడ నీటి భయం ఉంది. పైన చెప్పిన ఇంజనులో ఒక్కొక్క సిలిండరు పరిమాణం దాదాపు 500 మిల్లీలీటర్లు, సంపీడన నిష్పత్తి 8. పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ 71 మిల్లీలీటర్లు మాత్రమే. చిన్న టీ గ్లాసెడు నీరు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. అంతకు మించిన నీరు సిలిండరులో చేరితే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఏ మార్పూ చేయని కార్లకు కూడా ఈ ఆపద తప్పదు. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వరదల వంటి సందర్భాలలో నీట మునిగిన కారును స్టార్టు చేయవద్దని చెప్పడానికి కారణం ఇదే. నేలకు జానెడు ఎత్తున ఫిల్టరు పెట్టుకున్న కారుకు వరద అక్కరలేదు, రోడ్డు మీది గుంత చాలు.

చట్టం కూడా ఈ గొట్టాన్ని వదలలేదు. కాలిఫోర్నియా వాహన స్మృతిలోని 27156వ సెక్షను ప్రకారం, కాలుష్య నియంత్రణ వ్యవస్థ మీద ప్రభావం చూపే మార్పులు చేసిన కారు రోడ్డు మీద తిరగాలంటే, ఆ భాగానికి రాష్ట్ర వాయు వనరుల మండలి మినహాయింపు ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు సంఖ్య గల చిన్న చీటీని బానెట్ కింద కనిపించే చోట అతికిస్తారు. చాలా కార్లకు రెండేళ్లకొకసారి జరిగే పొగ పరీక్షలో పరీక్షకుడు యంత్రం చూపే అంకెలతో పాటు ఈ చీటీని కూడా చూస్తాడు. చీటీ లేకపోతే, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా, కారు పరీక్షలో తప్పినట్లే. కొత్త ఇన్‌టేక్ తయారీదారు ఉత్తర్వు పొందాడా లేదా అన్నది కొనక ముందే చూసుకోవలసిన విషయం.

తీసివేసిన పాత పెట్టెను పారవేసేవారు ఎక్కువ. అనుభవం గలవారు మాత్రం ఆ పెట్టెను, రబ్బరు గొట్టాన్ని, చప్పుడు మింగే డబ్బాను, రెండు చిన్న స్క్రూలతో సహా ఒక అట్టపెట్టెలో సర్ది, పైన కారు పేరు, మోడలు సంవత్సరం రాసి గ్యారేజీలో పైఅరలో ఉంచుతారు. ఏదైనా లోపం తలెత్తి కారణం తేలనప్పుడు వారు మొదట చేసే పని ఆ పాత పెట్టెను తిరిగి బిగించి, స్కానరులో ట్రిమ్ అంకెలు ఎటు కదిలాయో చూడడం.